డెస్క్‌టాప్‌కు లాన్ వైరుతో నెట్ రావడం లేదు, అదే వైరు పెడితే ల్యాప్‌టాప్‌కు వస్తోంది

తెనాలి_డీటీపీ

అందరికీ నమస్కారం. మాది తెనాలిలో చిన్న డీటీపీ కేంద్రం. ఫైబర్ బాక్సు కింది అంతస్తులో ఉంది. అక్కడి నుంచి మేడ మీది గదికి లాన్ వైరు వేయించుకున్నాము. ఆ వైరు బయటి గోడ వెంట పీవీసీ పైపులో పైకి వచ్చి, కిటికీ పక్కనుంచి గదిలోకి దిగి, గోడకు బిగించిన సాకెట్ దగ్గర ఆగుతుంది. సాకెట్ నుంచి సిస్టమ్‌కు చిన్న ప్యాచ్ కార్డు (రెండు కొసలా ప్లగ్గులున్న పొట్టి లాన్ వైరు) ఉంది. ఇన్నాళ్ళూ ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది.

మొన్న రాత్రి ఉరుములు, మెరుపులతో పెద్ద వాన కురిసింది. మరునాడు సిస్టమ్ ఆన్ చేస్తే టాస్క్‌బార్‌లో నెట్‌వర్క్ గుర్తు మీద ఒకసారి ఎర్ర ఇంటూ గుర్తు, ఇంకోసారి పసుపు త్రికోణం కనిపిస్తున్నాయి. ఫోన్లకు వైఫై బాగానే వస్తోంది. కనెక్షన్ ఇచ్చిన ఆపరేటర్ మనిషి వచ్చి, టెస్టర్ పెట్టి చూసి, వైరు బాగానే ఉందని, పిడుగుకు మదర్‌బోర్డులోని లాన్ పోర్టు పోయి ఉంటుందని చెప్పారు. ఆయన మాట నిజమేమో అనిపించేలా, మా పాత ల్యాప్‌టాప్‌ను అదే ప్యాచ్ కార్డుకు తగిలిస్తే నెట్ వెంటనే వచ్చింది. బోర్డు మార్చాలంటే ప్రాసెసర్, ర్యామ్ కూడా మార్చవలసి వస్తుందని షాపువారు అంటున్నారు. అంత ఖర్చుకు సిద్ధపడే ముందు ఇంకా ఏమేమి చూసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

సర్వర్_గది

నమస్కారం అండీ. బోర్డు గురించి ఇప్పుడే ఏ నిర్ణయమూ తీసుకోకండి. వైరు ద్వారా నెట్ రాకపోవడమనే ఫిర్యాదు వెనుక కనీసం మూడు వేర్వేరు సంగతులు ఉండవచ్చు. రెండు పోర్టుల మధ్య విద్యుత్ సంకేతాలే కుదరకపోవడం ఒకటి. సంకేతాలు కుదిరినా ఐపీ అడ్రసు, అంటే నెట్‌వర్క్‌లో యంత్రాన్ని గుర్తించే సంఖ్య, దొరకకపోవడం రెండోది. అడ్రసు దొరికినా బయటి ప్రపంచానికి దారి లేకపోవడం మూడోది. వీటిని ఈ వరుసలోనే చూడాలి. కింది మెట్టు తేలకుండా పై మెట్టులో ఎన్ని మార్పులు చేసినా ఫలితం ఉండదు.

కాబట్టి మూడు విషయాలు చూసి చెప్పండి. మొదటిది, సీపీయూ వెనుక లాన్ పోర్టుకు ఉన్న రెండు చిన్న లైట్లు ఎలా వెలుగుతున్నాయి: నిలకడగానా, ఆరుతూ వెలుగుతూనా, అసలు వెలగడం లేదా? చాలా బోర్డుల్లో ఒక లైటు లింకును, రాకపోకలను చూపిస్తుంది. రెండోది వేగాన్ని చూపిస్తుంది. ఆ రెండోది నారింజ రంగులో ఉంటే 1 గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్లు), ఆకుపచ్చలో ఉంటే 100 మెగాబిట్లు, ఆరిపోయి ఉంటే 10 అని అర్థం. మీ బోర్డు మాన్యువల్‌లో ఒకసారి సరిచూసుకోండి. రెండవది, కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) అని కొడితే ఈథర్నెట్ అడాప్టర్ (లాన్ వైరు తగిలే భాగం) కింద ఏ అడ్రసు కనిపిస్తోంది? మూడవది, ల్యాప్‌టాప్‌కు నెట్ వచ్చినప్పుడు దాని అడాప్టర్ స్టేటస్ విండోలో వేగం ఎంత చూపించింది? ఈ మూడోదాన్ని మరిచిపోవద్దు.

కొత్త_విండోస్

నేను ఒక సలహా చేర్చుతాను. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రీసెట్ ఒకటి ఉంటుంది, దాన్ని నొక్కి చూడండి. లేకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ష్ విన్‌సాక్ రీసెట్, నెట్‌ష్ ఇంట్ ఐపీ రీసెట్ అనే రెండూ ఇచ్చి రీస్టార్ట్ చేయండి. డివైస్ మేనేజర్‌లో అడాప్టర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ డ్రైవర్ వేసినా చాలాసార్లు కుదురుతుంది.

సర్వర్_గది

ఆ కమాండ్లు అవసరమైన సందర్భాలు ఉన్నాయి, కాదనను. అయితే అవి బాగుచేసేది విండోస్ లోపలి అమరికలను. లింకు లైటే నిలబడనప్పుడు విన్‌సాక్‌ను ఎన్నిసార్లు రీసెట్ చేసినా వైరులోని తీగ అతుక్కోదు. పైగా నెట్‌వర్క్ రీసెట్ చేస్తే వైఫై పాస్‌వర్డులు, చేతితో పెట్టుకున్న ఐపీ అడ్రసులు, వీపీఎన్ అమరికలు అన్నీ పోతాయి. డీటీపీ కేంద్రంలో ప్రింటర్‌కు స్థిరమైన అడ్రసు పెట్టుకుని ఉంటారు. ఆ నెట్‌వర్క్‌కు తగినట్టు ఈ సిస్టమ్‌లో చేసిన అమరికలు కూడా పోతే ఉన్న చిక్కుకు ఇంకొకటి తోడవుతుంది. ముందు లైట్ల సంగతి తేలనివ్వండి.

వాన రాత్రి తరువాత మొదలైన సమస్య కాబట్టి ఒక్క పని మాత్రం ఇప్పుడే చేయవచ్చు. షట్‌డౌన్ చేసి, ఎస్‌ఎంపీఎస్‌కు (సీపీయూకు కరెంటు అందించే పెట్టెకు) వెళ్ళే పవర్ తీగను గోడ నుంచి ఊడదీసి, పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, కాసేపు ఆగి మళ్ళీ పెట్టండి. సిస్టమ్ ఆపేసినా ఎస్‌ఎంపీఎస్ నుంచి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది కనుక లాన్ చిప్ పూర్తిగా నిద్రపోదు. షట్‌డౌన్ తరువాత కూడా పోర్టు లైటు వెలుగుతూ ఉండటం మీరు గమనించే ఉంటారు. అలాంటి స్థితిలో చిప్ మొరాయిస్తే కరెంటు పూర్తిగా తీసేయడమే దానికి మందు. 2012లో విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ కూడా సగం నిద్రలాంటిదే అయింది. కొత్తగా మొదలు కావాలంటే రీస్టార్ట్ చేయాలి, లేదా ఆ అమరికను తీసేయాలి.

తెనాలి_డీటీపీ

మీరు అడిగినవన్నీ చూశాను. పవర్ తీగ ఊడదీసి పెట్టినా మార్పు లేదు.

లైటు నారింజ రంగులో రెండు మూడు క్షణాలు వెలిగి ఆరిపోతోంది, కాసేపటికి మళ్ళీ వెలుగుతోంది. అదే సమయంలో స్క్రీన్ మీద ఒకసారి నెట్‌వర్క్ కేబుల్ అన్‌ప్లగ్డ్ అని, ఇంకోసారి ఐడెంటిఫైయింగ్ అని మారుతోంది. ఐపీకాన్ఫిగ్‌లో 169.254తో మొదలయ్యే అడ్రసు కనిపించింది, కొన్నిసార్లు మీడియా డిస్‌కనెక్టెడ్ అని వచ్చింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం 192.168.1.6 అనే అడ్రసు వచ్చింది, వేగం 100.0 ఎంబీపీఎస్ అని ఉంది. అది పాత యంత్రం. దానికి గిగాబిట్ పోర్టు లేదని వివరాల్లో చూశాను.

రాగితీగ

ఈ చివరి వాక్యంలోనే విషయమంతా ఉందని నా అభిప్రాయం. నేను వృత్తిరీత్యా వైరింగు పనులు చేయిస్తుంటాను కనుక కొంచెం వివరంగా చెబుతాను.

లాన్ వైరులో ఎనిమిది తీగలు నాలుగు జతలుగా మెలితిప్పి ఉంటాయి. 1995లో ప్రమాణంగా వచ్చిన 100 మెగాబిట్ల ఈథర్నెట్ వీటిలో రెండు జతలనే వాడుతుంది: ప్లగ్గులో 1, 2 పిన్నులు ఒక జత, 3, 6 పిన్నులు ఇంకొక జత. మిగిలిన 4, 5, 7, 8 పిన్నులకు అక్కడ పని లేదు. 1999లో వచ్చిన గిగాబిట్ ఈథర్నెట్ మాత్రం నాలుగు జతలనూ ఒకేసారి, ఒక్కో జత మీద రెండు దిక్కులా 250 మెగాబిట్ల చొప్పున వాడుతుంది. ఒక్క జతలో ఒక్క తీగ సరిగా తాకకపోయినా గిగాబిట్ లింకు నిలబడదు.

ఇప్పుడు మీ దగ్గర జరుగుతున్నది ఊహించండి. వైరు పెట్టగానే రెండు వైపుల పోర్టులూ నేను ఇంత వేగం చేయగలను అని ఒకదానికొకటి చిన్న పల్సుల రూపంలో చెప్పుకుంటాయి. ఈ ఆటో నెగోషియేషన్ సంభాషణ జరిగేది 1-2, 3-6 జతల మీదనే. మీ వైరులో ఆ రెండు జతలూ బాగున్నాయి కాబట్టి సంభాషణ సవ్యంగానే ముగుస్తోంది. ఫైబర్ బాక్సు, డెస్క్‌టాప్ రెండూ గిగాబిట్‌కు ఒప్పుకుంటున్నాయి. ఆ తరువాత నాలుగు జతల మీద లింకు నిలబెట్టే ప్రయత్నంలో నీలం జతో గోధుమ జతో తాకీ తాకకుండా ఉండటం వల్ల లింకు పడిపోతోంది. వెంటనే సంభాషణ మళ్ళీ మొదటికి వస్తోంది. నారింజ లైటు వెలిగి ఆరడం ఇదే. కొన్ని చిప్‌లు ఇలా విఫలమైనప్పుడు తామే 100కు దిగివచ్చి సర్దుకుంటాయి, కొన్ని ఆ పని చేయవు. తీగ పూర్తిగా తెగకుండా అప్పుడప్పుడూ తాకుతూ ఉంటే దిగిరావలసిన చిప్ కూడా ఒక నిర్ణయానికి రాలేక ఇలాగే ఊగుతుంది.

ల్యాప్‌టాప్ గిగాబిట్ అడగదు. దానికి కావలసినవి రెండు జతలే, ఆ రెండూ బాగున్నాయి. అందువల్ల ల్యాప్‌టాప్‌కు నెట్ రావడం అనేది వైరు బాగుందనడానికి సగం సాక్ష్యమే, డెస్క్‌టాప్ పాడైందనడానికి సాక్ష్యమే కాదు.

హనుమకొండ_నెట్

రాగితీగ గారి వివరణ బాగుంది, కానీ ఒక సందేహం. ఆపరేటర్ మనిషి టెస్టర్ పెట్టి చూశారని అంటున్నారు. టెస్టర్ మీది ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగితే తీగలన్నీ బాగున్నట్టే కదా? పిడుగుకు పోర్టు దెబ్బతినడం మా వైపు ప్రతి వర్షాకాలంలోనూ చూస్తున్నదే. దాన్ని అంత సులువుగా కొట్టిపారేయకూడదు.

రాగితీగ

పిడుగును కొట్టిపారేయడం లేదండీ. ఏది ముందు తేల్చుకోవాలనేదే నా మాట, ఎందుకంటే వైరు పరీక్షకు ఖర్చు లేదు. టెస్టర్ గురించి రెండు సంగతులు తెలుసుకోవాలి. అది దేనికి పెట్టారన్నది మొదటిది. ప్యాచ్ కార్డుకు మాత్రమే పెట్టి చూస్తే గోడలో నడిచిన అసలు వైరు గురించి మనకేమీ తెలియదు. టెస్టరు రెండు ముక్కల్లో మాస్టర్ ముక్కను కింద బాక్సు దగ్గరి ప్లగ్గుకూ, రిమోట్ ముక్కను పైన సాకెట్‌కూ పెట్టి చూడాలి.

రెండవది, చవక టెస్టరు చిన్న లైటు వెలిగేటంత కరెంటు పారిందా లేదా అన్నదే చెబుతుంది. తుప్పు పట్టి తాకీ తాకనట్టున్న తీగ కూడా ఆ క్షణానికి లైటు వెలిగించగలదు, గిగాబిట్ సంకేతాన్ని మాత్రం మోయలేదు. జతలు చీలిన వైరును కూడా ఆ టెస్టరు పట్టుకోలేదు. మన ఊళ్ళలో కొందరు రంగులను జత పక్కన జతగా పేర్చి, రెండు వైపులా అదే వరుసలో క్రింప్ చేస్తారు, అంటే ప్లగ్గులో నొక్కి బిగిస్తారు. ఎనిమిది లైట్లూ చక్కగా వరుసలో వెలుగుతాయి. కానీ 3, 6 పిన్నులకు చెందవలసిన తీగలు ఒకే మెలికలో లేకపోవడంతో ఒక జత సంకేతం పక్క జతలోకి చొరబడుతుంది. రెండు మీటర్ల తీగలో అది తెలియకపోవచ్చు, పాతిక మీటర్లు నడిచాక ప్యాకెట్లు పోతూ కనిపిస్తుంది.

తెనాలి_డీటీపీ

ఇంట్లోవారిని అడిగాను. ఆపరేటర్ మనిషి గోడ సాకెట్‌ను తెరవలేదు, ప్యాచ్ కార్డును ఊడదీసి రెండు కొసలనూ టెస్టర్‌లో పెట్టి చూశారట. అయితే ఇప్పుడు నేను ఏ క్రమంలో చూడాలి? సీపీయూను కిందికి మోసుకువెళ్ళి నేరుగా బాక్సుకు పెట్టమంటారా?

సర్వర్_గది

అది అన్నిటికన్నా తిరుగులేని పరీక్ష. అదే ప్యాచ్ కార్డుతో నేరుగా బాక్సుకు తగిలించినప్పుడు నారింజ లైటు నిలకడగా వెలిగి 1.0 జీబీపీఎస్ అని చూపిస్తే పోర్టూ, కార్డూ, బాక్సూ మూడూ నిర్దోషులని ఒక్క దెబ్బకు తేలిపోతుంది. బాక్సులో ఇప్పుడు వైరు ఉన్న పోర్టునే వాడండి. కొన్ని ఫైబర్ బాక్సుల్లో నాలుగు లాన్ పోర్టులు ఉన్నా ఒకటి టీవీ సెట్‌టాప్ బాక్సుకే కేటాయించి ఉంటుంది. దానికి పెడితే లైటు బ్రహ్మాండంగా వెలుగుతుంది, నెట్ మాత్రం రాదు.

మోయడం కష్టమైతే సాఫ్ట్‌వేర్ ద్వారా కూడా ఒక పరీక్ష ఉంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద మీ ఈథర్నెట్ కార్డు ప్రాపర్టీస్ తెరిచి, అడ్వాన్స్‌డ్ ట్యాబులో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ అనే వరుసను ఆటో నెగోషియేషన్ నుంచి 100 ఎంబీపీఎస్ ఫుల్ డ్యూప్లెక్స్‌కు (ఒకేసారి పంపడం, అందుకోవడం) మార్చండి. రాగితీగ గారి అనుమానం నిజమైతే నెట్ వెంటనే రావాలి.

ఒంగోలు_విద్యార్థి

మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నాకూ 169.254 అడ్రసే వస్తోంది, కానీ నా లైటు నిలకడగా, 1.0 జీబీపీఎస్ అనే చూపిస్తోంది. నాదీ వైరు సమస్యేనా?

సర్వర్_గది

కాకపోవచ్చు. 169.254 అడ్రసును విండోస్ తనకు తానే పెట్టుకుంటుంది. అడ్రసు ఇవ్వమని డీహెచ్‌సీపీ సర్వర్‌ను (నెట్‌వర్క్‌లో యంత్రాలకు అడ్రసులు పంచేదాన్ని) అడిగి, జవాబు రాకపోతే ఆ శ్రేణి నుంచి ఒకటి ఎంచుకుంటుంది; 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3927 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఈ పద్ధతి రాసి ఉంది. తెనాలి వారికి జవాబు రాకపోవడానికి కారణం లింకు పడిపోతూ ఉండటం. మీకు లింకు నిలబడింది కాబట్టి పై మెట్టులో వెతకాలి. సర్వీసెస్‌లో డీహెచ్‌సీపీ క్లయింట్ నడుస్తోందా, యాంటీవైరస్ ఫైర్‌వాల్ అడ్డుపడుతోందా చూడండి. హాస్టల్‌లో ఉంటే మీ యంత్రం మ్యాక్ అడ్రసును (లాన్ కార్డుకు తయారీలోనే ఇచ్చిన గుర్తింపు సంఖ్యను) నెట్ ఇచ్చేవారు నమోదు చేసుకోవలసి ఉందేమో అడగండి. మదర్‌బోర్డు గానీ కార్డు గానీ మార్చినవారికి ఆ నమోదు కూడా మార్చవలసి వస్తుంది.

ఇంకో సంగతి. 169.254 కాకుండా వేరే అడ్రసు వచ్చి నెట్ రాకపోతే ఐపీకాన్ఫిగ్ /ఆల్‌లో డీహెచ్‌సీపీ సర్వర్ అనే వరుసను చదవండి. పాత రూటర్‌ను వైఫై విస్తరించడానికని లాన్ పోర్టుతో కలిపి, దానిలో డీహెచ్‌సీపీని ఆపకుండా వదిలేస్తే ఇంట్లో ఇద్దరు అడ్రసులు పంచడం మొదలవుతుంది. ఆ పాత రూటర్ దగ్గర అడ్రసు తీసుకున్న యంత్రం నెట్ కోసం కూడా దాన్నే అడుగుతుంది, దాని దగ్గర నెట్ ఉండదు. మీ వివరాలతో వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ చూద్దాం.

తెనాలి_డీటీపీ

స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్‌ను 100 ఫుల్ డ్యూప్లెక్స్‌కు మార్చగానే లైటు ఆకుపచ్చగా మారి నిలకడగా వెలిగింది, 192.168.1.9 అడ్రసు వచ్చింది, నెట్ వచ్చింది. అందరికీ కృతజ్ఞతలు. మా ప్లాను కూడా 100 ఎంబీపీఎస్‌దే. ఇక దీన్ని ఇలాగే వదిలేయవచ్చునా?

కొత్త_విండోస్

ప్లానే 100 అయినప్పుడు వదిలేస్తే నష్టమేముంది? వేగ పరీక్షలో 94 దాకా వస్తుంది. గోడ పగలగొట్టే పని ఎందుకు?

రాగితీగ

నేను ఒప్పుకోను. 94 దగ్గర ఆగడం సహజమే, ఈథర్నెట్, టీసీపీల హెడర్లకు కొంత పోతుంది. నా అభ్యంతరం అది కాదు.

తుప్పు ఒక జత దగ్గర ఆగదు. ఈ వానాకాలంలో నీలం తీగకు పట్టినది వచ్చే వానాకాలానికి ఆకుపచ్చ తీగకు పడుతుంది, అప్పుడు 100 కూడా నిలబడదు. పైగా వేగాన్ని ఒకవైపే చేతితో బిగిస్తే డ్యూప్లెక్స్ విషయంలో తేడా రావచ్చు. కొన్ని డ్రైవర్లు బిగించిన వేగాన్నే అవతలి వైపుకు ప్రకటించి సంభాషణ కొనసాగిస్తాయి, అప్పుడు చిక్కు లేదు. కొన్ని డ్రైవర్లు సంభాషణను పూర్తిగా ఆపేస్తాయి. అప్పుడు అవతలి పోర్టు సంకేతాన్ని చూసి వేగం ఎంతో గుర్తుపట్టగలదు గానీ, ఫుల్ డ్యూప్లెక్సా కాదా అన్నది గుర్తుపట్టలేక నియమం ప్రకారం హాఫ్ డ్యూప్లెక్స్‌కు వెళుతుంది. ఒకరు ఒకేసారి మాట్లాడుతూ వింటూ ఉంటారు, రెండోవారు ఒక్కొక్కటే చేస్తారు. చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద ఫైలు పంపినప్పుడు మాత్రం వేగం దారుణంగా పడిపోతుంది. డీటీపీ వారు ప్రెస్సుకు పంపే పీడీఎఫ్‌లు చిన్నవి కావు కదా. తాత్కాలికంగా గడపాలంటే, 100 మెగాబిట్ల పాత స్విచ్ ఒకటి ఉంటే సాకెట్‌కూ సిస్టమ్‌కూ మధ్య పెట్టి, కార్డును ఆటోలోనే ఉంచండి. అప్పుడు రెండు వైపులా సంభాషణ సక్రమంగా జరిగి 100 ఫుల్ డ్యూప్లెక్స్ కుదురుతుంది.

సాకెట్ ఒకసారి తెరిచి చూడండి. రెండు స్క్రూల పని.

తెనాలి_డీటీపీ

తెరిచాను. చూసింది చూసినట్టు రాస్తాను.

సాకెట్ వెనుక పెట్టె అడుగున తడి మరక ఉంది. కిటికీ వైపు నుంచి వైరు లోపలికి వచ్చే రంధ్రం దగ్గర సిమెంటు ఊడి, వాన నీరు వైరు వెంటే దిగినట్టు స్పష్టంగా తెలుస్తోంది. సాకెట్‌లో తీగలు ఇరుక్కునే చీలికల్లో నీలం, తెలుపు-నీలం తీగల దగ్గర తెల్లటి పొడి పేరుకుని ఉంది. గోటితో కొంచెం కదిలించగానే తెలుపు-నీలం తీగ పుటుక్కున విరిగి చేతికి వచ్చింది. విరిగిన చోట లోపల రాగి రంగు లేదు, వెండిలా తెల్లగా ఉంది. బ్లేడుతో గీకితే పైన సన్నని రాగి పూత, లోపలంతా తెలుపే.

రాగితీగ

అది రాగి పూత పూసిన అల్యూమినియం తీగ. సీసీఏ అంటారు. డబ్బా మీద క్యాట్ 6 అని (లాన్ వైరు శ్రేణి పేరు) పెద్ద అక్షరాలతో రాసి చవకగా అమ్మే వైరులో ఎక్కువగా ఉండేది ఇదే. లాన్ వైరింగుకు సంబంధించిన ప్రమాణాలు స్వచ్ఛమైన రాగినే కోరతాయి, దీన్ని అంగీకరించవు. అల్యూమినియం నిరోధం రాగి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. రెండు మూడు సార్లు వంచితే విరుగుతుంది. సాకెట్‌లోని చీలిక తీగ తొడుగును కోసి లోపలి లోహాన్ని పట్టుకోవాలి; ఆ కోతలో రాగి పూత చీలి అల్యూమినియం బయటపడుతుంది, దానికి తేమ తగిలితే మీరు చూసిన తెల్లటి పొడి పడుతుంది. ఆ పొడి కరెంటును పారనివ్వదు. పిడుగుకు ఇందులో ప్రమేయం లేదు, నీరే కారణం.

సాకెట్ మార్చి అదే వైరును మళ్ళీ బిగించవద్దు. వైరే మార్చండి. కొనేటప్పుడు స్వచ్ఛమైన రాగి అని డబ్బా మీద రాసి ఉందా చూసి, షాపులోనే కొసన ఒక తీగను గీకి చూడండి. మంచి దుకాణదారు అభ్యంతరం చెప్పరు. మీకు క్యాట్ 5ఈ రాగి వైరు చాలు, 100 మీటర్ల లోపు గిగాబిట్‌ను హాయిగా మోస్తుంది. అల్యూమినియం క్యాట్ 6 కంటే రాగి క్యాట్ 5ఈ ఎన్నో రెట్లు మేలు. బయటి గోడ మీద నడిచే భాగానికి ఎండకు, నీటికి తట్టుకునే నల్లటి పాలిథిన్ తొడుగు ఉన్న బయటి రకం తీసుకోండి. గది లోపల వాడే బూడిద రంగు పీవీసీ తొడుగు ఎండకు పెళుసెక్కి పగులుతుంది.

పాత వైరు కొసకు కొత్తదాన్ని టేపుతో గట్టిగా చుట్టి, అవతలి నుంచి పాతదాన్ని లాగితే పైపులో కొత్తది దానంతట అదే వస్తుంది. పైపులో కరెంటు తీగలు కూడా నడుస్తుంటే లాన్ వైరుకు వేరే పైపు వేయించండి. గదిలోకి దిగే ముందు, బయటి వైపు వైరును రంధ్రం కంటే కిందికి ఒక వంపు తిప్పి పైకి తీసుకువస్తే నీటి చుక్కలు ఆ వంపు దగ్గరే జారి పడిపోతాయి, లోపలికి రావు. రంధ్రాన్ని సిలికాన్‌తో మూయించండి.

రంగుల వరుస రెండు కొసల్లోనూ ఒకటే ఉండాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఆకుపచ్చ జత మధ్యలో నీలం జత దూరడం చూసి పొరపాటు అనుకుని కొందరు సరిచేస్తారు. నేను పైన చెప్పిన జతల చీలిక అలాగే పుడుతుంది. క్రింపింగు దగ్గర మెలికను అవసరానికి మించి విప్పవద్దని పనివారికి గట్టిగా చెప్పండి, సగం అంగుళం చాలు.

హనుమకొండ_నెట్

పూర్తిగా రాగి వైరు వేస్తున్నప్పుడు ఒక మాట. గోడ బయట నడిచే రాగికి దగ్గరలో పిడుగు పడితే వోల్టేజి పుడుతుంది. ఈథర్నెట్ పోర్టు వెనుక ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు 1500 వోల్టుల వరకు వేరుచేసి ఉంచేలా ప్రమాణం ఉంది, పిడుగు దానిని సులువుగా దాటగలదు. ఒకే భవనం కాబట్టి ఎర్తింగు సరిగా చూసుకుని, ఉరుముల వేళ ప్లగ్గు తీసేస్తే సరిపోతుంది. వీధి దాటి ఇంకో భవనానికి వేయాలనుకునేవారు మాత్రం రాగి వేయవద్దు. రెండు మీడియా కన్వర్టర్లు (రాగి వైరు సంకేతాన్ని ఫైబర్‌కు మార్చే పెట్టెలు) పెట్టి మధ్యలో ఫైబర్ నడిపించుకోండి. గాజు పోగు గుండా కరెంటు పారదు.

తెనాలి_డీటీపీ

కొత్త వైరు పడింది. బయటి రకం రాగి వైరే తీసుకున్నాము, షాపులో గీకి చూపించమంటే చూపించారు. పైపులో లాగడం రాగితీగ గారు చెప్పినట్టే సులువుగా జరిగింది. ఈసారి టెస్టరును కింది కొసకూ పై సాకెట్‌కూ పెట్టించాను, ఎనిమిదీ వెలిగాయి. కానీ సిస్టమ్‌లో వేగం ఇంకా 100 అనే చూపిస్తోంది, లైటు ఆకుపచ్చగానే ఉంది. వైరులో ఇంకా ఏదైనా తేడా ఉందా?

సర్వర్_గది

వైరు జోలికి వెళ్ళే ముందు డివైస్ మేనేజర్‌లో స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్ వరుస చూడండి. పరీక్ష కోసం పెట్టిన 100 ఫుల్ డ్యూప్లెక్స్ ఇంకా అలాగే ఉండి ఉంటుంది. దాన్ని ఆటో నెగోషియేషన్‌కు తిప్పండి. అప్పటికీ 100 దగ్గరే ఆగితే ప్యాచ్ కార్డు మార్చి చూడండి.

తెనాలి_డీటీపీ

ఆటోకు తిప్పగానే నారింజ లైటు వచ్చింది, 1.0 జీబీపీఎస్ అని చూపిస్తోంది. నిన్న సాయంత్రం నుంచి సిస్టమ్ ఆన్‌లోనే ఉంచి గేట్‌వేకు, అంటే ఫైబర్ బాక్సుకు, పింగ్ (జవాబు వస్తోందో లేదో చూసే పరీక్ష) నడుపుతున్నాను. రాత్రి వాన పడింది, ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. ఇవాళ ఒక పెళ్ళి పుస్తకం పీడీఎఫ్ మొత్తం ప్రెస్సుకు పంపాను.

రాగితీగ గారూ, సర్వర్ గది గారూ, హనుమకొండ గారూ, మీకు ఎంత కృతజ్ఞత చెప్పినా తక్కువే. మా వీధిలో ఇంకో రెండు దుకాణాలకు కూడా అదే వైరు, అదే మనిషి వేశారు. వారికి ఈ చర్చ చూపించాను. సాకెట్లు తెరిచి చూస్తామన్నారు.

రాగితీగ

సంతోషం అండీ. ఆ రెండు చోట్లా సాకెట్ ఒక్కటే చూసి వదిలేయవద్దని చెప్పండి. బాక్సు దగ్గరి ప్లగ్గు కూడా కోసి, తీగ రంగు చూడమనండి.